మాట వినబడాలి: ఇంటి టీవీ, ఆంప్లిఫయరు, సరౌండ్ సౌండ్
(మన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాలలో మామూలుగా కరువు భత్యం గురించి, మెడికల్ బిల్లుల గురించి, ఏటా ఇవ్వవలసిన లైఫ్ సర్టిఫికెట్టు గురించి మాట్లాడుకుంటాం. ఈసారి టీవీ ధ్వని గురించి చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. ఇదేదో కుర్రవాళ్ల సరదా, మనకెందుకు అని కొందరికి అనిపించవచ్చు. కాని మన ఇళ్లలో రోజూ సాయంత్రం జరిగే తగవులో సగం దీనివల్లనే. పెద్దాయన వాల్యూం పెంచుతారు. పక్కగదిలో పరీక్షకు చదివే మనవడు తలుపు వేసుకుంటాడు. కోడలు పైకి ఏమీ అనదు గాని ముఖం చిట్లిస్తుంది. కొడుకు వచ్చి తగ్గిస్తాడు. పెద్దాయనకు బొమ్మ తప్ప మాట అందదు. అందరూ నవ్వినప్పుడు తానూ నవ్వి, కాసేపటికి లేచి తన గదిలోకి పోతారు. ఇలా ఒక్కొక్క సాయంత్రం చొప్పున ఇంట్లోవాళ్లకు దూరమవుతున్న మిత్రులు మనలో ఉన్నారు. అందుచేత ఇది సరదా విషయం కాదని నా మనవి.

నేను ఇంజనీరును కాను, గుమాస్తాను. అయితే ఫైలు ఏ సెక్షనులో ఆగిందో వెతికి పట్టుకోవడం నా ఉద్యోగం. ధ్వని ఎక్కడ ఆగిందో పట్టుకోవడానికీ అదే పద్ధతి పనికివస్తుంది. కాబట్టి మన ఆఫీసు భాషలోనే చెబుతాను.

మొదట, కొత్త టీవీలలో మాట ఎందుకు సరిగా వినబడదో చూద్దాం. మన దేశంలో టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలయింది. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో వచ్చింది. 1982లో ఏషియన్ గేమ్స్ నాటికి రంగులు వచ్చాయి. ఆనాటి టీవీ పెద్ద పెట్టె. దానికి లోతు ఉండేది, స్పీకరు మన ముఖంవైపు చూస్తూ ఉండేది. ఈనాటి టీవీ గోడకు తగిలించిన పటంలాగా పలచగా ఉంటుంది. అందులో పెద్ద స్పీకరుకు చోటు లేదు. ఉన్న చిన్న స్పీకర్లు కూడా చాలా టీవీలలో కిందికో వెనక్కో చూస్తుంటాయి. అంటే నటుడు మనవైపు చూసి మాట్లాడుతుంటే ధ్వని గోడకు తగిలి, గచ్చుకు తగిలి మన దగ్గరకు వస్తుంది. బొమ్మ పదింతలు మెరుగయింది, మాట మాత్రం వెనకబడింది. బయటి ఆంప్లిఫయరు, స్పీకర్లు పెట్టుకోవడానికి మొదటి కారణం ఇదే.

రెండవ కారణం సరౌండ్ సౌండ్. ఈ మాటకు అర్థం చుట్టూ ధ్వని అని. శ్రోత చుట్టూ స్పీకర్లు పెట్టి, ఒక్కొక్క దానికి వేరువేరు ధ్వని పంపడం. ఈ ఆలోచన పాతదే. 1940లో డిస్నీ వారి ఫాంటాసియా అనే చిత్రానికి కొన్ని సినిమాహాళ్లలో ఇటువంటి ఏర్పాటు చేశారు. ఇంటింటికీ చేరినది మాత్రం డాల్బీ పేరుతో. రే డాల్బీ అమెరికా దేశస్థుడు. 1963 నుంచి 1965 వరకు ఐక్యరాజ్యసమితి తరఫున సాంకేతిక సలహాదారుగా మన చండీగఢ్‌లో పనిచేశాడు. 1965లో లండన్ వెళ్లి డాల్బీ లేబొరేటరీస్ స్థాపించాడు. టేపులో వచ్చే బుసను తగ్గించడం ఆయన కంపెనీ మొదటి విజయం. పాత క్యాసెట్ డెక్కుల మీద డాల్బీ అని ఒక మీట ఉండేది, మనలో కొందరికి గుర్తుండవచ్చు. 1992లో ఆ కంపెనీవారి డిజిటల్ పద్ధతి బ్యాట్‌మాన్ రిటర్న్స్ అనే చిత్రంతో సినిమాహాళ్లకు వచ్చింది. దానినే ఇప్పుడు డాల్బీ డిజిటల్ అంటున్నాం.

దుకాణంలో 5.1 అని రాసి ఉంటుంది. ఆ అంకెకు అర్థం తెలిస్తే సగం పని అయినట్లే. ముందు ఎడమ, ముందు కుడి, ముందు మధ్య, పక్కగా కాస్త వెనుక ఎడమ, అలాగే కుడి: ఇవి అయిదు. చుక్క తరువాతి ఒకటి కేవలం లోతైన శబ్దాలకు, అంటే ఉరుము, ఏనుగు అడుగు, బాంబు పేలుడు వంటివాటికి. అది సుమారు 120 హెర్ట్జ్ లోపు ధ్వనినే మోస్తుంది గనుక పూర్తి ఒకటిగా లెక్కవేయక చుక్క పెట్టారు. ఈ ఆరింటిలో మనబోటి వారికి ప్రాణప్రదమైనది ముందు మధ్య స్పీకరు. సినిమాలో సంభాషణ దాదాపు అంతా అందులోనే పెడతారు. వీణలు, మృదంగాలు, వాన, జనం కేకలు మిగిలినవాటిలో పడతాయి. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. మిగిలిన ప్రసంగమంతా దీని మీదనే నడుస్తుంది.

ఇంట్లో రెండే స్పీకర్లు ఉంటే ఏమవుతుంది? సెట్ టాప్ బాక్సో టీవీయో ఆ ఆరింటినీ కలిపి రెండుగా కుదిస్తుంది. మధ్య స్పీకరు మాట, పక్క స్పీకర్ల పాట, వెనుక స్పీకర్ల వాన అన్నీ ఒకే నోటి నుంచి బయటికి వస్తాయి. అప్పుడు మీరు వాల్యూం పెంచితే మాటతో పాటు డప్పులూ పెరుగుతాయి. తగ్గిస్తే డప్పులతో పాటు మాటా పోతుంది. ఎంత తిప్పినా ఆ రెండింటి మధ్య నిష్పత్తి మారదు. అదే మధ్య స్పీకరు విడిగా ఉంటే దానిని ఒక్కదానినే రెండు మూడు డెసిబెల్స్ పెంచుకోవచ్చు. ఆంప్లిఫయరు సెట్టింగులలో స్పీకర్ లెవెల్ అన్నచోట సెంటర్ అని ఉంటుంది. దానిని ప్లస్ 3 చేయండి. ఇల్లంతా మోగకుండా మాట మాత్రం ముందుకు వస్తుంది. ఆరు స్పీకర్ల ఏర్పాటులో వృద్ధులకు కలిగే అసలు ప్రయోజనం ఇది. విమానం మన తలమీదుగా పోయినట్లు వినబడడం ఆ తరువాతి సంగతి.

ఇక ఫైలు ఎలా నడుస్తుందో చూద్దాం. ప్రసార కేంద్రంలో ఆరు ధ్వనులను కుదించి ఒక సీల్డు కవరులో పెడతారు. ఎంతగా కుదిస్తారంటే, సీడీలో రెండే ధ్వనులకు సెకనుకు 1,411 కిలోబిట్లు కావాలి. డీవీడీలో డాల్బీ డిజిటల్ ఆరు ధ్వనులకూ కలిపి 448కి మించదు. ఆరుగురి సామాను ఇద్దరి సామానులో మూడోవంతు కంటె తక్కువ చోటులో సర్దినట్లు. ఈ కవరు ఉపగ్రహం ద్వారానో కేబుల్ ద్వారానో మన సెట్ టాప్ బాక్సుకు వస్తుంది. కవరు విప్పే అధికారి ఆంప్లిఫయరు. ఏ కాగితం ఏ స్పీకరుకు పంపాలో తెలిసినది అదే. కనుక కవరు సీలు చెదరకుండా ఆంప్లిఫయరు బల్ల మీదికి చేరాలి. మధ్యలో ఎవరైనా విప్పి, ఆరు పేజీలను రెండు పేజీల సారాంశంగా రాసి పైకి పంపితే ఆంప్లిఫయరు ఎంత ఖరీదుదయినా చేయగలిగింది లేదు. పోయిన నాలుగు పేజీలు తిరిగి రావు.

సీలు విప్పే చోట్లు రెండు. ఒకటి సెట్ టాప్ బాక్సు. దాని సెట్టింగులలో ఆడియో లేక సౌండ్ అన్న శీర్షిక కింద స్టీరియో అనో, పీసీఎం అనో, డాల్బీ డిజిటల్ అనో, బిట్‌స్ట్రీమ్ అనో ఉంటుంది. పీసీఎం అంటే అక్కడే విప్పి రెండు పేజీలు చేసి పంపుతుందని సాధారణంగా అనుకోవచ్చు. డాల్బీ డిజిటల్, బిట్‌స్ట్రీమ్ అంటే సీలుతో పంపుతుందని అర్థం. బాక్సు కొన్న రోజున అది చాలావరకు స్టీరియోలోనే ఉంటుంది, ఎందుకంటే ఏ టీవీకి తగిలించినా శబ్దం రావాలి గదా.

రెండవది టీవీ. చాలా ఇళ్లలో బాక్సు నుంచి టీవీకి ఒక తీగ, టీవీ నుంచి ఆంప్లిఫయరుకు మరొక తీగ పెడతారు. ఇక్కడ టీవీ మధ్య సెక్షను. కొన్ని టీవీలు బయటి నుంచి వచ్చిన కవరును విప్పి రెండు పేజీలుగా పంపే అలవాటు గలవి. వాటి సెట్టింగులలో డిజిటల్ ఆడియో ఔట్ అన్నచోట పాస్ త్రూ అని ఉంటే అది ఎంచుకోండి. అంటే విప్పకుండా యథాతథంగా పైకి పంపమని. అది లేకపోతే టీవీని మధ్యలో నుంచి తప్పించడమే మార్గం.

తీగలు నాలుగు రకాలు. మొదటివి ఎరుపు, తెలుపు మూతుల పాత తీగలు. ఇవి రెండు ధ్వనులనే మోస్తాయి. కవరు మోయలేవు. రెండవది ఆప్టికల్ తీగ. ఇందులో విద్యుత్తు ఉండదు, ఎర్రని వెలుగు ప్రయాణిస్తుంది. తోషిబా కంపెనీవారు 1983లో తెచ్చారు. మూడవది కోయాక్సియల్, ఒకే మూతి గల తీగ. ఈ రెండూ డాల్బీ డిజిటల్ కవరును చక్కగా మోస్తాయి. నాలుగవది హెచ్‌డీఎంఐ. ఇది 2002 చివర వచ్చింది. బొమ్మనూ, ధ్వనినీ కలిపి మోస్తుంది. 2009లో దానికి ఏఆర్‌సీ అనే సదుపాయం చేర్చారు. దానితో టీవీ లోపలి ధ్వని అదే తీగలో వెనక్కి ఆంప్లిఫయరుకు వస్తుంది.

మీ ఆంప్లిఫయరుకు హెచ్‌డీఎంఐ రంధ్రాలు ఉంటే పని సులువు. బాక్సు తీగను నేరుగా ఆంప్లిఫయరులో పెట్టండి. ఆంప్లిఫయరు నుంచి టీవీకి మరొకటి పెట్టండి. ధ్వని ఆంప్లిఫయరు ఉంచుకుంటుంది, బొమ్మను టీవీకి పంపుతుంది. ఆంప్లిఫయరు పాతదై ఆప్టికల్ మాత్రమే ఉంటే, బాక్సు నుంచి హెచ్‌డీఎంఐ టీవీకి, ఆప్టికల్ నేరుగా ఆంప్లిఫయరుకు ఇవ్వండి. అయితే ఆప్టికల్ రంధ్రం అన్ని బాక్సులకూ ఉండదు. కొనేముందు బాక్సు వెనుక చూసుకోవాలి. టీవీలోనే ఇంటర్నెట్టు ద్వారా సినిమాలు చూసేవారికి కవరు టీవీ దగ్గరే పుడుతుంది. వారు ఏఆర్‌సీ అని రాసి ఉన్న రంధ్రం నుంచే ఆంప్లిఫయరుకు కలపాలి. పక్క రంధ్రంలో పెడితే ధ్వని రాదు. కలిపిన తరువాత టీవీ సొంత స్పీకర్లు ఆపివేయండి. లేకపోతే ఒకే మాట రెండుసార్లు వినబడి ఉన్న స్పష్టత కూడా పోతుంది.

ఇంతా చేసి కవరు చేరిందో లేదో తెలుసుకోవడం ఎలా? ఆంప్లిఫయరు ముందున్న చిన్న తెర మీద చూడండి. డాల్బీ డిజిటల్ అనో, దాని గుర్తయిన రెండు డీ అక్షరాలో కనబడితే సీలు చెదరకుండా చేరినట్లు. పీసీఎం అని ఉంటే మధ్యలో ఎవరో విప్పినట్లు. ఫైలు నడిచిన దారినే వెనక్కి నడవండి: ఆంప్లిఫయరు, తీగ, టీవీ, బాక్సు, చివరకు చానల్.

చివరకు చానల్ అని ఎందుకన్నానంటే, అసలు కవరులోనే రెండు పేజీలు ఉన్నప్పుడు ఎవరినీ తప్పుపట్టలేం. ఆరు ధ్వనులు పంపేవి కొన్ని హెచ్‌డీ చానళ్లు మాత్రమే, అవి కూడా అన్ని కార్యక్రమాలకూ కాదు. వార్తలకు ఆరు ధ్వనుల అవసరమూ లేదు. మనం ఇష్టపడే పాత సినిమాలు ఒకే ధ్వనితో తీసినవి. వాటిలో లేనిదానిని ఏ ఆంప్లిఫయరూ పుట్టించలేదు. కాబట్టి పరీక్ష చేసేటప్పుడు పాత సినిమా పెట్టి వెనుక స్పీకర్లు పలకడం లేదని మెకానిక్కును పిలవకండి.

అయితే నిరాశపడనవసరం లేదు. రెండు ధ్వనుల కార్యక్రమానికి కూడా మధ్య స్పీకరును పనిచేయించే ఉపాయం ఉంది. ఎడమ, కుడి రెండింటిలోనూ సమానంగా ఉన్నది ఏదో గుర్తించి దానిని మధ్యకు పంపే పద్ధతి అది. 1987 నుంచి ప్రో లాజిక్ అనే పేరుతో వస్తున్నది. కొత్తవాటిలో డాల్బీ సరౌండ్ అన్న పేరుతో ఉంటుంది. వార్తలు చదివేవారి గొంతు, సీరియల్ సంభాషణ రెండు వైపులా సమానంగా ఉంటాయి గనుక అవి మధ్య స్పీకరుకు చేరతాయి. రోజూ చూసే తెలుగు చానళ్లకు ఈ మీట నొక్కి ఉంచుకోండి. హాల్, స్టేడియం, చర్చ్ అని ఉండే మీటల జోలికి మాత్రం పోవద్దు. అవి లేని ప్రతిధ్వనిని కలుపుతాయి. పాటకు బాగుండవచ్చు, మాటకు శత్రువులు.

రాత్రిపూట పనికివచ్చే మరొక మీట నైట్ మోడ్. సినిమాలో గుసగుసకూ పేలుడుకూ మధ్య చాలా తేడా ఉంటుంది. గుసగుస వినబడాలని పెంచుతాం, ఇంతలో పేలుడు వచ్చి పక్కింటివారు లేస్తారు. నైట్ మోడ్ ఆ రెండింటినీ దగ్గరకు తెస్తుంది. చిన్న శబ్దం పెరుగుతుంది, పెద్ద శబ్దం తగ్గుతుంది. పరీక్షల రోజులలో మనవడికీ తాతగారికీ సంధి కుదిర్చేది ఇదే.

స్పీకర్లు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వస్తుంది. మధ్య స్పీకరు టీవీకి సరిగ్గా కిందనో పైననో, మన ముఖంవైపు తిరిగి ఉండాలి. అలమర అరలో లోపలికి నెట్టి, ముందు దేవుడి పటాలూ పూలకుండీలూ పెడితే నోటికి గుడ్డ కట్టినట్లే. ముందువి రెండూ మనం కూర్చున్న చోటు నుంచి చూస్తే మధ్యకు ఇటూ అటూ 30 డిగ్రీల కోణంలోను, వెనుకవి 110 డిగ్రీల దగ్గర, అంటే చెవికి కాస్త వెనుకగా ఉండాలని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం సిఫారసు. ఇంచులు కొలవనవసరం లేదు. మన హాళ్లలో ఒకవైపు గుమ్మం, ఒకవైపు కిటికీ ఉంటాయి, కుదిరినంత చాలు. వెనుక స్పీకర్లకు చోటు లేకపోతే మానేయండి. ముందువి మూడు ఉంటే మాటకు లోటు రాదు. అప్పుడు వెనుకవి లేవని ఆంప్లిఫయరుకు సెట్టింగులో చెప్పాలి. చెప్పకపోతే వాటికి పంపిన ధ్వని వృథా అవుతుంది.

మన ఇళ్లకు ప్రత్యేకమైన సమస్య ఒకటున్నది. గచ్చు గ్రానైటు, గోడలు సిమెంటు, కప్పు శ్లాబు. ఎటు చూసినా ధ్వని తిరిగి కొట్టే రాయి. ఆ ప్రతిధ్వని మాటను చెడగొడుతుంది. దీనికి ఖర్చు అక్కరలేదు. టీవీకీ మనకూ మధ్య ఒక జంపఖానా పరవండి. కిటికీలకు మందపాటి తెరలు వేయండి. వెనుక గోడకు పుస్తకాల బీరువా చేర్చండి. వేలకు వేలు పోసి స్పీకర్లు మార్చేముందు ఈ పని చేసి చూడండి.

కొందరికి పెదవులు ఒకటి, మాట ఒకటిగా తోస్తుంది. కొత్త టీవీలు బొమ్మకు మెరుగులు దిద్దడానికి కొంత సమయం తీసుకుంటాయి. ధ్వని ఆంప్లిఫయరు ద్వారా ముందే వచ్చేస్తుంది. చెరువు అవతలి గట్టున బట్టలు ఉతికేవారిని చూస్తే చేయి దించడం ముందు కనబడుతుంది, చప్పుడు తరువాత వినబడుతుంది. కన్ను ముందు, చెవి వెనుక అన్నది ప్రకృతి. అందుకే చప్పుడు కాస్త ఆలస్యమైతే మనం సర్దుకుంటాం గాని ముందుగా వస్తే ఓర్చుకోలేం. ముందుగా వచ్చినప్పుడు సుమారు 45 మిల్లీసెకన్లకే తేడా పట్టేస్తాం, వెనుకగా వస్తే 125 వరకు పట్టించుకోం. ఆంప్లిఫయరులో ఆడియో డిలే లేక లిప్ సింక్ అన్నచోట కొద్దికొద్దిగా పెంచుతూ, వార్తలు చదివేవారి పెదవులు చూస్తూ సరిచేసుకోండి. వినికిడి తగ్గినవారు తెలియకుండానే పెదవులు చదువుతుంటారు. వారికి ఈ సవరణ ఎంతో మేలు చేస్తుంది.

ఇప్పుడు అసలు యంత్రం, చెవి. వయసుతో మొదట తగ్గేది సన్నని శబ్దాల వినికిడి. అచ్చుల బలం తక్కువ స్థాయిలోను, స, శ, ష, త, ఫ వంటి హల్లుల గుర్తు పైస్థాయిలోను ఉంటుంది. అందుచేత ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. పాటు అన్నారో, కాటు అన్నారో, చాటు అన్నారో తేల్చుకోలేం. వినబడుతోంది గాని అర్థం కావడం లేదు అని మనం అనేది ఇదే. నటులు ముద్దముద్దగా మాట్లాడితే యువకులకూ ఇదే గతి. 2014లో బ్రిటన్‌లో బీబీసీ ప్రసారం చేసిన జమైకా ఇన్ అనే నాటకంలో మాట వినబడలేదని రెండు వేలకు పైగా ఫిర్యాదులు వచ్చాయి. కాబట్టి ప్రతిదానికీ మన చెవినే నిందించుకోనక్కరలేదు. ఆంప్లిఫయరులో ట్రెబుల్ కొంచెం పెంచి, బాస్ తగ్గించి చూడండి. అలా చేసినా ఎదురుగా కూర్చున్న మనిషి మాట కూడా అందకపోతే లోపం టీవీది కాదు. చెవి డాక్టరుకు చూపించండి. కొందరికి గుబిలి తీస్తేనే సగం సమస్య తీరుతుంది. కొందరికి ఆడియోగ్రాం తీసి వినికిడి యంత్రం ఇస్తారు. కళ్లజోడుకు సిగ్గుపడని మనం చెవియంత్రానికి సిగ్గుపడడం న్యాయం కాదు. ఒక చెవి ఉన్నట్టుండి వినబడకపోతే మాత్రం నాన్చకుండా వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లండి. ఆలస్యం చేస్తే నయమయ్యే అవకాశం తగ్గుతుంది.

ఖర్చు మాట. మనం కమ్యూటేషన్ డబ్బు లెక్కచూసుకుని బతికేవాళ్లం. దుకాణంవాడు మొదట చూపించేది తొమ్మిది స్పీకర్ల సెట్టే. నా వరుస ఇది. పైసా ఖర్చు లేకుండా జంపఖానా, సెట్టింగులు, టీవీలోనే క్లియర్ వాయిస్ వంటి మీట ఉంటే అది. ఇవి చాలకపోతే, ఇంట్లో మూలపడిన పాత టేపురికార్డరు ఆంప్లిఫయరు, రెండు మంచి స్పీకర్లు తీసి కలపండి. టీవీ నుంచి ఆప్టికల్ మాత్రమే ఉంటే మధ్యలో చిన్న కన్వర్టరు పెట్టాలి. అటువంటి చౌక కన్వర్టర్లలో చాలావాటికి కవరు విప్పడం రాదు. వాటికి టీవీలో పీసీఎం పెట్టి రెండు పేజీలే పంపాలి. డాల్బీ డిజిటల్ పెడితే శబ్దమే రాదు, వస్తువు చెడిపోయిందని భ్రమపడతాం. ఇందాక చెప్పినదానికి ఇది తలకిందులు. పై అధికారికి ఏది చదవడం వస్తుందో అదే పంపాలన్నది సూత్రం. ఆ తరువాత, మధ్య స్పీకరు గల సౌండ్‌బారు. కొనేముందు మధ్య స్పీకరు విడిగా ఉందా అని అడగండి. అందరికీ ఆసక్తి, హాలులో చోటు ఉంటేనే పూర్తి ఆరు స్పీకర్ల ఏర్పాటు. ఒక్కరికే వినికిడి సమస్య ఉంటే వైర్‌లెస్ హెడ్‌ఫోను చౌక, ఇంట్లో శాంతి కూడా. అయితే హెడ్‌ఫోను పెట్టినా టీవీ శబ్దం మిగిలినవారికి రావాలి. రెండూ ఒకేసారి పనిచేస్తాయా అని అడిగి కొనండి.

బిల్లు చెల్లించకముందు మీ సొంత బాక్సు, మీ రిమోటు పెట్టి చూపించమనండి. దుకాణంలో వేసే పేలుళ్ల సినిమా కాదు, వార్తలు పెట్టమనండి. కళ్లు మూసుకుని రెండు నిమిషాలు వినండి. ప్రతి మాటా అందితే తీసుకోండి.

జాగ్రత్తలు కొన్ని. తీగలు కలిపేటప్పుడు స్విచ్చి ఆపండి. ప్లస్ ప్లస్‌కు, మైనస్ మైనస్‌కు కలపండి. ఒక స్పీకరుకు తారుమారయితే గొంతు డొల్లగా, ఎక్కడి నుంచో వచ్చినట్లుంటుంది. రెండు తీగల కొసలు తగిలితే ఆంప్లిఫయరు కాలిపోవచ్చు. ఆంప్లిఫయరు వేడెక్కే వస్తువు. దాని మీద అల్లిక గుడ్డ కప్పకండి, పైన గాలికి జాగా వదలండి. ఎర్తు ఉన్న ప్లగ్గులోనే పెట్టండి. ఉరుములు మెరుపులు వచ్చే సూచన కనబడగానే డిష్ తీగ, కరెంటు ప్లగ్గు రెండూ పీకి ఉంచండి. ఆప్టికల్ తీగను మడతపెట్టకండి, విరుగుతుంది. అన్నీ సరిపడిన రోజున సెట్టింగులన్నీ ఒక కాగితం మీద రాసి టీవీ వెనుక అంటించండి. పిల్లలు రిమోటుతో ఏం మార్చినా ఆ కాగితం చూసి యథాస్థితికి తెచ్చుకోవచ్చు. ఆఫీసు కాపీ లేని ఉత్తరం మనం ఏనాడూ పంపలేదు గదా.

చివరగా పిల్లలకు ఒక మాట. మీ తాతగారు వాల్యూం పెంచేది మీ మీద కోపంతో కాదు, అడగడానికి మొహమాటపడి. ఏమన్నాడు ఏమన్నాడు అని మాటిమాటికీ అడిగితే విసుక్కుంటారని పెద్దవాళ్లు నోరుమూసుకుంటారు. ఒక ఆదివారం అరగంట కూర్చుని, బాక్సులో ఒక సెట్టింగు, ఆంప్లిఫయరులో సెంటర్ ప్లస్ 3 మార్చిపెట్టండి. పెద్దలకూ ఒక మాట. వినబడకపోతే వినబడలేదని చెప్పండి. దరఖాస్తు పెట్టకుండా ఏ ఫైలూ కదలదని మనకంటె బాగా తెలిసినవారెవరు?

తమ బాక్సు మోడలు, ఆంప్లిఫయరు వెనుకనున్న రంధ్రాల వివరం కాగితం మీద రాసుకుని వచ్చినవారికి, టీ విరామంలో ఏ తీగ ఎక్కడ పెట్టాలో బొమ్మ గీసి ఇస్తాను.